గోవిందుడికిచ్చిన పిల్ల

మోకా అనే ఊళ్లో యోగా నేర్పే చోటు ఒకటుందని, మోకాళ్ల నొప్పులకు మంచిదని చెప్పి మనవరాలు నన్ను బలవంతాన కారెక్కించింది. నొప్పులు సాకు మాత్రమే. మా ఆయన పోయాక నేను ఇంట్లో గోడలతో మాట్లాడుతున్నానని ఎవరో దాని చెవిన వేశారు. నేను గోడలతో మాట్లాడడం లేదు, తెలుగులో మాట్లాడుతున్నాను. మా వీధిలో ఆ భాష తెలిసినవాళ్లు ఒక్కొక్కరే వెళ్లిపోయి నేనే మిగిలాను కనుక, వినేవాళ్లకు అది గోడలతో మాట్లాడినట్టే ఉంటుంది. సరే, వెళ్లాను. తెల్లటి గది, చెక్క నేల, మూలన ఏదో పూలవాసన వేసే కొవ్వొత్తి. నేర్పే అమ్మాయి మంచిదే. అందర్నీ కళ్లు మూసుకోమంది. మీకు అన్నిటికన్నా ఇష్టమైనదాన్ని తలుచుకోండి, దాన్ని పడవలో పెట్టండి, ఇప్పుడా పడవను నీళ్లలోకి తోసెయ్యండి అని ఇక్కడి క్రియోల్ భాషలో మెత్తగా చెబుతూ నా దగ్గరికొచ్చి వీపు నిమిరింది. "లెస్ అలే, గ్రాన్‌మేర్, లెస్ అలే," అంది. వదిలెయ్యవ్వా, పోనియ్యి, అని. నేను కళ్లు తెరిచి, చెప్పులు ఎక్కడ విడిచానో వెతుక్కున్నాను.

కారులో మనవరాలు ఏమైందని అడిగింది. వదిలెయ్యడం నాకు కొత్తగా నేర్పక్కర్లేదనీ, మా నాన్న చేస్తుంటే దగ్గరుండి చూశాననీ, ఆయన వదిలేసినవాటిలో నేనూ ఉన్నాననీ చెప్పాను. అది వేళాకోళం అనుకుని నవ్వి రేడియో పెట్టింది. దాని తప్పేం లేదు. మా ఇంట్లో ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. అందుకే రాస్తున్నాను. ఒక్క మాట ముందే చెప్పాలి. జీవితమంతా బడిలో పిల్లల చేత తెలుగు అక్షరాలు దిద్దించినదాన్ని నేను. నా తెలుగు పుస్తకాల్లోంచి వచ్చింది. మా నాన్న తెలుగేమో ఆయన అమ్మానాన్నలతో పాటు ఓడలో ఈ దీవికి వచ్చింది. ఆయన మాటలు వచ్చినచోట ఆయన అన్నట్టే రాస్తాను. పంతులమ్మనని చెప్పి వాటిని దిద్దే ధైర్యం నాకు లేదు.

మేం ఉండేది పాంప్లెమూస్ దగ్గర ఒక చెరకు ఎస్టేటు కాన్‌లో. కూలీల ఇళ్ల వరసను కాన్ అనేవాళ్లం. చెరకు ఆకు కప్పిన కొంప, పేడతో అలికిన నేల, ముందు చిన్న అరుగు. కోతల కాలంలో మిల్లు నుంచి వచ్చే పాకం వాసనకు అన్నం కూడా తియ్యగా ఉన్నట్టు తోచేది. కోతలయ్యాక ఆ వాసన పోయి, వానలొచ్చి, వానల వెంట జ్వరాలొచ్చేవి. అలాంటి ఒక వానాకాలంలో మా అమ్మ పోయింది. అమ్మ ముఖం నాకు సరిగ్గా గుర్తులేదు. ఆమె చేతికంటిన మెంతుల వాసన గుర్తుంది, నన్ను ఎత్తుకున్నప్పుడు గాజులు నా వీపుకు గుచ్చుకునేవని గుర్తుంది. నాన్న పేరు అప్పలసామి. ఎస్టేటు ఎడ్లబండి తోలేవాడు. అమ్మ ఉన్నప్పటి నాన్నను తలుచుకుంటే ముందు శబ్దాలే వస్తాయి. రామభజనలో ఆయన మద్దెల వాయిస్తే పక్క కాన్‌లో పడుకున్న ముసలాళ్లు లేచి వచ్చేవారని చెప్పుకునేవాళ్లు. చుట్ట నోట్లో పెట్టుకునే పాడేవాడు, చుట్ట నోట్లో పెట్టుకునే నవ్వేవాడు. అమ్మ పోయాక ఆ శబ్దాలన్నీ ఆగాయి. పని నుంచి వచ్చి అరుగు మీద కూర్చుని, పొయ్యి ఉన్న వైపే చూస్తుండేవాడు. పొయ్యి దగ్గర నేనుండేదాన్ని. ఆయన చూసేది నన్ను కాదని నాకు తెలిసేది.

ఆ మరుసటి వానల్లో ఓడ దిగి వచ్చిన సాధువు ఒకాయన మా కాన్‌లో భజన జరిగే పాకలో కొన్నాళ్లు ఉన్నాడు. సన్నటి మనిషి, గొంతు మాత్రం పెద్దది. పగలు వేపపుల్ల నములుతూ కూర్చుని, అడిగినవాళ్లకు శ్వాస ఎలా పీల్చాలో, వెన్ను ఎలా నిలపాలో చూపించేవాడు. చాలామంది తాయెత్తుల కోసం వెళ్లి, శ్వాస పీల్చమంటే నిరాశపడి తిరిగొచ్చేవారు. నాన్న మాత్రం రోజూ వెళ్లాడు. నేనూ వెంట వెళ్లి పాక గుంజకు ఆనుకుని కూర్చునేదాన్ని. సాధువు చెప్పింది కొంచెమే. తెల్లారకముందు కూర్చో, ఊపిరిని చూడు, మనసు ఎటు పోతుందో చూడు, దేనికీ దాన్ని కట్టెయ్యకు, నీది అనుకున్నదేదీ నీది కాదు. వానలు వెలిశాక ఆయన తన దారిన పోయాడు. మిగిలిన కాన్ ఆయన్ను మరిచిపోయింది. నాన్న మరిచిపోలేదు. మరిచిపోయి ఉంటే నా బాల్యం వేరేగా ఉండేది.

నాన్న బండివాడు గనుక ఆ బోధను బండివాడిలాగే అర్థం చేసుకున్నాడు. మా ఎస్టేటులో ఒక పద్ధతి ఉండేది. కలిసి కాడి మోసిన ఎడ్లలో ఒకటి చస్తే, మిగిలింది మెడ పక్కకు తిప్పి తోడు కోసం చూస్తూ బండి లాగదు. కొడితే కూడా కదలదు. అప్పుడు దాన్ని అలవాటైన కొట్టం నుంచి, తొట్టి నుంచి, తెలిసిన దారి నుంచి దూరంగా వేరే ఎస్టేటుకు తోలేసేవారు. కంటికి గుర్తుపట్టే వస్తువు ఒక్కటీ కనబడకపోతే కొన్నాళ్లకు తల ముందుకు తిప్పి నడుస్తుందని బండివాళ్ల నమ్మకం. నాన్న తన మనసును ఆ ఎద్దు అనుకున్నాడు. అది ఏ వస్తువు వైపు మెడ తిప్పితే ఆ వస్తువును ఇంట్లోంచి పంపెయ్యడమే యోగం అనుకున్నాడు. పంపడానికి ఆయనకు ఒక దారి కూడా సిద్ధంగా దొరికింది. మాకు శనివారం గోవిందుడి వారం. ఆ పొద్దు ఉపవాసముండి దీపం పెట్టిన ఇంటి గుమ్మంలోకి ఎవరొచ్చి గోవిందా అన్నా ఒట్టి చేతులతో పంపకూడదు. అలా ఇచ్చినది మళ్లీ వెనక్కి తీసుకోకూడదు. తీసుకుంటే ఆ వస్తువు ఇంట నిలవదని, మనిషైనా పశువైనా బతకదని పెద్దవాళ్లు గట్టిగా చెప్పేవారు.

మొదట చుట్టల పెట్టె పోయింది. దానికి నేను సంతోషించాను. తర్వాత మద్దెల పోయింది. పక్క ఊరి కుర్రాడెవరో దాన్ని భుజాన వేసుకుని, ఎక్కడ నాన్న మనసు మార్చుకుంటాడోనని పరుగులాంటి నడకతో పోవడం చూశాను. ఆ సాయంత్రం నాన్న అరుగు మీద కూర్చుని ఉంటే ఆయన వేళ్లు తొడ మీద దరువు వేస్తున్నాయి. చూసుకుని, రెండు చేతులూ చంకల్లో దోపుకున్నాడు. ఎర్ర కోడిపెట్ట పోయింది. అది నా వెంట తిరిగేది, నాదని నేననుకున్నాను. ఏడిస్తే, "నీదేటి, నాదేటి, అంతా ఆడిదే గదే," అన్నాడు. కాన్‌లో జనం మొదట నవ్వారు, తర్వాత శనివారం పొద్దున్నే మా ఇంటి ముందు గోవింద నామం జోరుగా వినిపించసాగింది. ఎన్నడూ గుడి మొహం చూడనివాళ్లకు కూడా భక్తి పుట్టుకొచ్చింది. ఊరికే వస్తుందంటే ఎవరికి చేదు. చివరికి అమ్మ చీర వంతు వచ్చింది. కుంకుమ రంగు చీర, దండెం మీద మడతపెట్టి ఉండేది. నేను మధ్యాహ్నాలు దాని కింద నిలబడి కొంగు చివర ముఖానికి ఆనించుకునేదాన్ని. దాన్ని ఒక ముసలమ్మ తీసుకెళ్లింది. ఆమె కట్టుకుని నీళ్లకు పోతుంటే వెనక నుంచి చూసి నేను అమ్మా అని పిలవబోయి ఆగాను.

ఇచ్చేసే ముందు నాన్నలో ఒక గుర్తు కనిపించేది, అది నేను కనిపెట్టాను. తెల్లారకముందు అరుగు మీద బాసిపట్టు వేసుకుని, కళ్లు మూసుకుని కూర్చునేవాడు. నేను చిరుగు దుప్పటి కప్పుకుని ఎదురుగా కూర్చునేదాన్ని. చల్లగా ఉండేది. దూరంగా కోళ్లు, ఎవరో పొయ్యి రాజేస్తున్న పొగ వాసన. ఉన్నట్టుండి ఆయన కళ్లు తెరిచేవాడు. తెరిచి, ఏదో ఒక వస్తువు వైపు కాసేపు చూసి, పెద్ద ఊపిరి విడిచి మళ్లీ మూసుకునేవాడు. ఆ శనివారానికి ఆ వస్తువు ఇంట్లో ఉండేది కాదు. మద్దెలను అలాగే చూశాడు, చీరను అలాగే చూశాడు. నన్ను మాత్రం ఎప్పుడూ చూడలేదు. చెయ్యి చాపితే అందేంత దగ్గర కూర్చున్నా ఆ చూపు నా పక్కనుంచి వెళ్లి గోడనో దండేన్నో తాకేది. మొదట్లో నాకు భయం వేసేది, నన్ను కూడా ఇచ్చేస్తాడేమోనని. రానురాను ఆ భయం తిరగబడింది. మనసు పోయిన వస్తువులనే ఇచ్చేస్తున్నాడు. నన్ను ఇవ్వడం లేదు. అంటే ఆయన మనసు నా మీదికి రావడమే లేదు. చీరకున్నపాటి, మద్దెలకున్నపాటి విలువ నాకు లేదన్నమాట. అంత చిన్న బుర్రకు ఈ లెక్క ఎలా తోచిందో గాని, అది తప్పు లెక్క అని ఈ రోజుకూ అనలేను.

తల్లిలేని పిల్లలు చాలామంది ఉంటారు, వాళ్లకు తండ్రి ఉంటాడు. నాకు తండ్రి ఎదురుగా కూర్చుని ఉండేవాడు, అంతే. కంచంలో అన్నం పెట్టేవాడు, తినమనేవాడు కాదు. తల దువ్వేవాడు గాని జడ ఎలా ఉందో చూసేవాడు కాదు. తనకు ఉప్పు లేకుండా వండుకుని గోడ వైపు తిరిగి తినేవాడు. పైడీ అని పేరు పెట్టి పిలవడం మానేశాడు. ఒకరోజు మిల్లు దగ్గర గుమాస్తా నన్ను చూపించి, "సా తో తిఫీ సా?" అని అడిగాడు, ఇది నీ కూతురా అని. నాన్న కాడి సరిచేస్తూ తల ఎత్తకుండా, "తిఫీ బోందియే," అన్నాడు. దేవుడి పిల్ల. గుమాస్తా మెచ్చుకున్నట్టు తల ఆడించాడు. నేను బండి వెనక్కు వెళ్లి చక్రానికి ఆనుకుని ఏడ్చాను. దేవుడికి చాలామంది పిల్లలున్నారు, ఆయన నా తల దువ్వడు. తెల్లవారుజామున నాన్న ఎదుట కూర్చుని నేనూ కళ్లు మూసుకునేదాన్ని. నన్ను చూడు నాన్నా అని లోపల అనుకునేదాన్ని. అదే నా జపం. చూస్తే శనివారం నాకు ఇల్లుండదని తెలిసి కూడా అదే కోరుకున్నాను.

మళ్లీ వానలొచ్చాయి, జ్వరం నన్ను పట్టుకుంది. ఎన్ని దుప్పట్లు కప్పినా ఆగని వణుకు, తర్వాత ఒళ్లు కాలిపోవడం. నాన్న పనికి పోలేదు. చేదు కషాయం కాచి, ముక్కు మూసి పోసేవాడు. తడిగుడ్డ నుదుట వేసి, అది వేడెక్కితే తీసి మళ్లీ వేసేవాడు. జ్వరం దిగిన పొద్దున నాకు మెలకువ వచ్చేసరికి వాన వెలిసింది. నాన్న అరుగు మీద ఎప్పటిలాగే కూర్చుని ఉన్నాడు. తలుపు తీసి ఉంది. చూస్తుండగానే ఆయన కళ్లు తెరిచాడు. ఆ చూపు గోడ మీదికి పోలేదు, దండెం మీదికి పోలేదు. లోపలికి వచ్చి నా మీద ఆగింది. ఆగి అక్కడే ఉండిపోయింది. ఆయన పెద్ద ఊపిరి విడిచాడు. నేను నీరసంతో నవ్వలేకపోయాను గాని, ఒంట్లో మిగిలిన బలమంతా సంతోషపడింది. నా వంతు వచ్చింది.

శనివారం నన్ను వేడినీళ్లతో స్నానం చేయించి, తలకు నూనె రాసి, ఉన్న ఒక్క మంచి గౌను తొడిగాడు. దీపం పెట్టాడు. మా గుమ్మంలోకి వచ్చినవాళ్లకు ఇవ్వలేదు, అంతవరకు నయం. బండి కట్టి టేర్ రూజ్ దారి పట్టించాడు. అక్కడ మా మేనత్త గౌరత్త ఉండేది. నాన్నకు అక్క. విధవరాలు, పిల్లలు లేరు. ఏరు సముద్రంలో కలిసే బురద నేలల దగ్గర కాసింత భూమిలో ఆకుకూరలు పండించి గంపతో అమ్ముకునేది. నోరు పెద్దది, మనసు ఇంకా పెద్దది. నాన్న నన్ను దింపి, ఆమె గుమ్మంలో నిలబెట్టి, "గోవిందుడి పేరున నీకిచ్చీసినానప్పా," అన్నాడు. అత్త చేతిలో కూర కట్ట అలాగే ఉండిపోయింది.

"ఏటిచ్చీసినావు?"

"గుంటని." ఆడపిల్లని, అని.

"అలోర్, అయితే సెంబూ తప్పేలా అయిపోయి గుంట కాడికొచ్చినావేట్రా? బుర్ర గానీ పోనాదా?"

"నాను కూకుంటే కుదరట్లేదప్పా," అన్నాడు నాన్న. ఆయన గొంతు అంత చిన్నగా ఎప్పుడూ వినలేదు. "ఊపిరి సూత్తానా, ఊపిరి కనపడదు, ఇదే కనపడతాది. అన్నీ పోయినా మనసు దీనిమీదే కూకుంది. జొరంలో ఇదెల్లిపోతే నానేటైపోదును? ఇంత కోంతాన్, ఇంత పేమ కూడదని సాదువు సెప్పినాడు."

"సాదువు మనసుని వొదలమన్నాడో మనుసుల్ని వొదలమన్నాడో సరిగ్గా ఇన్నావేట్రా నువ్వు?"

నాన్న ఎడ్ల వైపు తిరిగాడు. బండెక్కి వెళ్లిపోయాడు. వెనక్కి తిరగలేదు. ఎద్దు తల ముందుకే ఉండాలి గదా. నేను ఏడవలేదు. ఏడుస్తానని అత్త నన్ను పొదివి పట్టుకుంది గాని నేను ఒకరకమైన గర్వంతో నిలబడి ఉన్నాను. నా మీదే మనసు కూర్చుందని నాన్న నోటితో చెప్పాడు. చీర కన్నా, మద్దెల కన్నా నేనే ఎక్కువ.

ఆ గర్వం ఆ సాయంత్రం దాకా కూడా నిలవలేదు. అత్త ఇంట్లో తడి మట్టి వాసన, ఎండుచేపల వాసన, నాకు తెలియని చాప, తెలియని చెంబు. ఇచ్చేసిన వస్తువుకు తనను ఎందుకిచ్చారో తెలిసి ఏం ఒరుగుతుంది? ప్రేమతో ఇచ్చినా విసుగుతో ఇచ్చినా ఇల్లు ఇల్లే పోతుంది. అత్త నన్ను బాగా చూసుకుంది, అది చెప్పకపోతే కళ్లు పోతాయి. పొద్దున్నే నన్ను వెంటపెట్టుకుని మడిలోకి దిగేది, ఆకుకూర కొయ్యడం నేర్పింది, కొసరి కొసరి తినిపించింది. కానీ ఆమె గంప ఎత్తుకుని అమ్మకానికి పోయాక నేను బురద ఒడ్డున ఒక్కదాన్నే కూర్చునేదాన్ని. ఎక్కడెక్కడి నుంచో వచ్చిన పిట్టలు పొడుగాటి ముక్కులతో బురదను పొడుస్తూ గుంపులుగా తిరిగేవి. వాటికి ఇది పరాయి దేశమని, కాలం మారగానే వెళ్లిపోతాయని అత్త చెప్పింది. చూస్తుండగానే గుంపులు పలచబడ్డాయి. ఒకరోజు బురద ఒట్టిదే మిగిలింది. నేను కళ్లు మూసుకుని ఊపిరి చూడడానికి ప్రయత్నించేదాన్ని. నాన్నకు లాగే నాకూ ఊపిరి కనబడేది కాదు.

కోతలు మొదలయ్యే ముందు, శనివారం కాని ఒక మధ్యాహ్నం, నాన్న వచ్చాడు. బండిలో ఏమీ లేదు. గడ్డం పెరిగి, కళ్లు లోపలికి పోయి, మనిషి సగమయ్యాడు. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టయిందని అత్త సణిగింది గాని మజ్జిగ ఇచ్చింది. నేను తలుపు చాటున నిలబడ్డాను. ఆయన నన్ను చూశాడు, వెంటనే తల దించుకున్నాడు. పరాయివాళ్ల వస్తువును చూసినట్టు.

"ఇల్లంతా కాళీ సేసినానప్పా," అన్నాడు. "కాళీ అయినకాడల్లా ఆళ్లొచ్చి కూకున్నారు. దండెం కాడ ఆళ్లమ్మ. అరుగు మీద ఇది. కళ్లు మూసినా ఆళ్లే, తెరిసినా ఆళ్లే."

"మరేటి, గుంటని తీసుకుపో."

"ఎలాగ తీసుకుపోతాను? ఆడి పేరున ఇచ్చీసినాను. ఎనక్కి తీసుకుంటే ఇది బతకదు. ఆళ్లమ్మ ఎలిపోయినట్టే ఎలిపోద్ది. వొద్దప్పా, నీకాడే ఉండనీ. ఊరికే సూసిపోదారని వొచ్చినాను."

అత్త ఎంత వాదించినా ఆయన కదల్లేదు. ఆయనకు పంతం కాదు, భయం. నా కోసమే భయం. తాగిన చెంబు కడిగి బోర్లించి, బండెక్కి తోలాడు. బండి సందు చివరికి వెళ్లేదాకా అత్త నడుం మీద చెయ్యి పెట్టుకుని చూసింది. తర్వాత వీధంతా వినబడేలా అరిచింది. "ఒరే అప్పలసామీ, శనోరం నా గుమ్మంకాడికి ఎవులొచ్చి గోవిందా అన్నా నాను ఒట్టి సేతుల్తో పంపను. ఇనబడినాదా?" బండి ఆగింది. నాన్న వెనక్కి తిరగలేదు. కాసేపటికి మళ్లీ కదిలింది. అత్త నా వైపు చూసి, "మీ నాన్నకి ఎడ్లకి సెప్పినట్టు సెప్పాల," అంది.

ఆ శనివారం దాకా నేను అన్నం సరిగ్గా తినలేదు. దారి దొరికిందని నాకు అర్థమైంది. నాన్న ఆ దారిన వస్తాడో రాడో తెలియదు. ఏదీ కోరనని ఒట్టు పెట్టుకున్న మనిషి, ఉన్నదంతా ఇచ్చిన మనిషి, వచ్చి గుమ్మంలో నిలబడి చెయ్యి చాపాలి. అంతకన్నా ఇల్లు ఖాళీగా ఉంచుకోవడం ఆయనకు సులువు కావచ్చు. శనివారం అత్త దీపం పెట్టింది. ఒక ముసలామె వచ్చి బియ్యం పెట్టించుకుపోయింది. ఒక కుంటి మనిషి వచ్చి వంకాయలు తీసుకుపోయాడు. ఎండ గడప దాటి లోపలికి వచ్చింది. అప్పుడు వినబడింది, భజనలో మద్దెల మీద లేచే ఆ గొంతు, ఎన్నాళ్లుగానో వాడక బొంగురుపోయి.

"గోవిందా."

అత్త తొందరపడలేదు. చేటలో బియ్యం పోసుకుని వెళ్లింది. నాన్న గడప అవతల తువ్వాలు రెండు చేతుల మీద పరిచి నిలబడి ఉన్నాడు. బియ్యం వద్దన్నట్టు తల ఊపాడు. అత్త లోపలికొచ్చి ఆకుకూర కట్టలు పట్టుకెళ్లింది. అదీ వద్దన్నాడు.

"మరేటి కావాల నీకు?"

నాన్న తువ్వాలును ఇంకాస్త ముందుకు చాపాడు. పక్కింటివాళ్లు బయటికొచ్చి చూస్తున్నారు.

"అడగందే అమ్మయినా పెట్టదు నాయనా," అంది అత్త. "నోరిప్పి అడుగు."

"గుంట."

"ఎవుల గుంట? దేవుడి గుంటా?"

"నా గుంట," అన్నాడు నాన్న. ఒకసారి బయటపడ్డాక ఆ మాట ఆయన చేతిలో ఆగలేదు. "నా గుంటప్పా. నా పైడి. నాకియ్యి. నా పైడిని నాకియ్యి."

అత్త నా భుజాలు పట్టి ముందుకు తోసింది. గడప దాటి నాన్న ముందు నిలబడ్డాను. ఆయన తువ్వాలు అలాగే చాపి ఉంచాడు. భిక్ష అందులో పడాలి గదా. నేను దానిలో ఎలా పట్టాలో నాకు తెలియలేదు. కాసేపు ఆలోచించి నా రెండు చేతులూ అందులో పెట్టాను. ఆయన తువ్వాలుతో పాటు నా చేతుల్ని మూటకట్టినట్టు పట్టుకుని, వాటి మీద ముఖం పెట్టి, వీధి మధ్యలో గట్టిగా ఏడ్చాడు.

నాన్న ఆ తర్వాత కూడా తెల్లవారుజామున కూర్చోవడం మానలేదు. పోయిన వస్తువులేవీ తిరిగి రాలేదు, ఆయన అడగలేదు. మా ఇల్లు చివరిదాకా ఇంచుమించు ఖాళీగానే ఉండేది. నేను ఎదురుగా కూర్చోవడం మాని, వీపుకు వీపు ఆనించి కూర్చునేదాన్ని. ఆయన ఊపిరి నా వెన్నులోకి తెలిసేది. కళ్లు తెరిచాక కొన్నిసార్లు, సంతకు వెళ్లొచ్చిన సంగతి చెప్పినట్టు చెప్పేవాడు. "మనసు మీయమ్మ కాడికి ఎల్లొచ్చిందే పైడీ," అని. అది బాధగా అనేవాడు కాదు. వెళ్లింది, వచ్చింది. సాధువు చెప్పింది బహుశా ఇంతేనేమో. ఆయన చనిపోయే ముందు మంచంలో కూడా అలాగే ప్రశాంతంగా ఉన్నాడు. నా మణికట్టు పట్టుకుని ఉన్నాడు, గట్టిగా కాదు, పట్టుకున్నట్టు తెలిసేంత.

మోకా అమ్మాయి మీద నాకు కోపం లేదు. ఆమె పడవ ఎవరికో పనికొస్తుంది. ఇప్పటి పిల్లలు దేనికీ అంతగా అతుక్కోరు, వాళ్లకు వదలడం నేర్పడం చూస్తే నాకు నవ్వొస్తుంది, ఒక్కోసారి జాలేస్తుంది. నేను మళ్లీ ఆ తెల్లగదికి పోలేదు. మనవరాలికి మోకాళ్లు బాగున్నాయని అబద్ధం చెప్పాను. తెల్లవారకముందే మెలకువ వస్తుంది, లేచి వెనక వసారాలో కూర్చుంటాను. వీపుకు ఆనేందుకు ఎవరూ లేరు, కుర్చీ వేసుకుంటాను. ఊపిరి చూస్తాను. మనసు నాన్న దగ్గరికి పోతుంది, అత్త దగ్గరికి పోతుంది, ఈ మధ్య ఎక్కువగా మా ఆయన దగ్గరికి పోతుంది. పోనిస్తాను. కాసేపటికి అదే వస్తుంది. "ఎల్లొచ్చిందే," అని పైకే అంటాను, నాన్న అన్నట్టే. బదులు చెప్పేవాళ్లు లేక ఇల్లు నిశ్శబ్దంగా ఉంటుంది. ఆ నిశ్శబ్దం నాకు అలవాటైంది. ఇష్టం మాత్రం ఇంకా కాలేదు.